టికెట్ కొనేముందు వాన లెక్క చూసుకోండి

అడవి దారి: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే. విదేశాల్లో పచ్చటి అడవి చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్ళమంటారు అని. ఎక్కడికి అనేదానికంటే ముందు ఏ నెలలో అన్నది తేల్చుకోమంటాను నేను. భూమధ్యరేఖ చుట్టుపక్కల దేశాల్లో మనకున్నట్టు చలికాలం, ఎండాకాలం ఉండవు. వాన పడే నెలలు, వాన తెరిపిచ్చే నెలలు, అంతే. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నాకు ఊళ్ళ పేర్లకంటే ముందు ప్రాణులు గుర్తొస్తాయి. ఏ ప్రాణిని చూడాలో అనుకుంటే నెల తేలుతుంది, నెల తేలితే దేశం తేలుతుంది. పాస్‌పోర్టు, టీకాలు, డబ్బు, సంచీ వాటి వెనకే వస్తాయి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేమిద్దరం టీచర్లుగా చేసి రిటైరయ్యాం. బోర్నియోలో ఒరాంగుటాన్ వానరాలను చూడాలని మావారికి ఎన్నాళ్ళుగానో కోరిక. మా అబ్బాయి పది రోజుల్లో సింగపూర్, కౌలాలంపూర్, లంకావి, బాలి, బోర్నియో అన్నీ కలిపి ప్లాన్ వేసి పంపించాడు. నవంబర్‌లో బయల్దేరమంటున్నాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. జలగలంటే చచ్చేంత భయం. వెళ్ళగలమా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వెళ్ళగలరమ్మా, నిక్షేపంగా వెళ్ళగలరు. కానీ ఆ ప్లాన్‌తో కాదు, ఆ నెలలో కాదు.

ముందు నెల సంగతి చెబుతాను. మనకు కార్తీకంలో వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలే బోర్నియో ఈశాన్య తీరాన్నీ తడుపుతాయి. మీరు వెళ్ళాల్సిన శాండకాన్ ఊరి వైపు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు గట్టిగా ఉంటాయి, నది పొంగితే పడవలు ఆపేసిన రోజులూ ఉంటాయి. ఇక్కడ మన పరిస్థితీ అదే కదా. 2021 నవంబర్‌లో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. కావలి నుంచి చెన్నై విమానం అందుకోవాలంటే పెన్నా దాటి తీరాలి. వానాకాలంలో ఎవరు బయల్దేరినా ముందురోజే చెన్నై చేరి ఉండండి. మీకు మాత్రం ఏప్రిల్ నుంచి జూలై మధ్య బాగుంటుంది. ఆగస్టు తర్వాత కొన్ని సంవత్సరాల్లో ఆ ప్రాంతంలో అడవులు తగలబడి పొగ కమ్ముకుంటుంది, అది కళ్ళకూ ఊపిరికీ మంచిది కాదు.

ఇక ప్లాన్. పది రోజుల్లో ఐదు చోట్లంటే రోజు మార్చి రోజు సంచులు సర్దుకోవడమే సరిపోతుంది. సింగపూర్, బాలి మరోసారికి ఉంచండి. బోర్నియో దీవిలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రం ఒక్కటీ చాలు. చెన్నై నుంచి కౌలాలంపూర్ దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అక్కడినుంచి సబా రాజధాని కోట కినబాలుకు రెండున్నర గంటలు, ఆపైన చిన్న విమానంలో శాండకాన్‌కు గంట కూడా పట్టదు. ఒక విషయం గుర్తుపెట్టుకోండి: సబాకి సొంత ఇమిగ్రేషన్ ఉంది. కౌలాలంపూర్‌లో ముద్ర వేయించుకున్నా సబాలో దిగినప్పుడు మళ్ళీ పాస్‌పోర్టు చూపించాలి. లోపలి విమానమే కదా అని పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో వేసి పంపించేయకండి.

భారతీయులకు మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజులదాకా వీసా లేకుండా రానిస్తోంది. ఈ వెసులుబాటును 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. వీసా లేదు గానీ, దిగడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

శాండకాన్ పక్కన సెపిలోక్‌లో మూడు రాత్రులు ఉండండి. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ పిల్లల్ని పెంచి అడవికి అలవాటు చేసే కేంద్రం 1964 నుంచి అక్కడ నడుస్తోంది. ఉదయం 10కి, మధ్యాహ్నం 3కి చెట్టు మీది అరుగు మీద పండ్లు పెడతారు. అడవిలో తిండి బాగా దొరికే రోజుల్లో అవి రావు. రాకపోతే నిరుత్సాహపడకండి, ఆ కేంద్రం కోరుకునేది అదే. దారి అంతా చెక్క బాట, మోకాళ్ళకు ఇబ్బంది లేదు. మీకు జలుబు గానీ దగ్గు గానీ ఉంటే మాత్రం ఆ రోజు లోపలికి వెళ్ళొద్దు. ఒరాంగుటాన్ మనకు చాలా దగ్గరి బంధువు, మన జబ్బులు దానికి తేలిగ్గా అంటుకుంటాయి. పక్కనే ఎలుగుబంట్ల కేంద్రం ఉంది. ప్రపంచంలోకెల్లా చిన్న ఎలుగుబంటి అక్కడిదే, ఛాతీ మీద లేత పసుపు మచ్చ ఉంటుంది. ఒక పూట దానికివ్వండి.

తర్వాతి నాలుగు రాత్రులు కినబతంగన్ నది ఒడ్డున సుకావు దగ్గర. మీకోసమే ఉన్నట్టుంటుంది ఆ చోటు. నడక లేదు, పడవలో కూర్చోవడమే. తెల్లారేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసుకెళతారు. సాయంత్రం పడవ అసలు మానొద్దు. పెద్ద ముక్కు కోతులు, ఆ దీవిలో తప్ప మరెక్కడా ఉండనివి, పొద్దువాలేసరికి గుంపులుగా నది ఒడ్డు చెట్ల మీదికి నిద్రకొస్తాయి. మగకోతి ముక్కు నోటిమీదికి వేలాడుతుంటుంది, ఆకులు తిని తిని పొట్ట గుండ్రంగా ఉంటుంది. పడవ నడిపే అతను ఇంజన్ ఆపేస్తాడు. కొమ్మ ఊగుతుంది, ఒక తల్లి పిల్లను పొట్టకు కరిపించుకుని ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు దూకుతుంది, ఆకులు రాలి నీళ్ళలో పడతాయి. ఇంతలో తలమీద బుస్సు బుస్సుమని చప్పుడు. తలెత్తితే హార్న్‌బిల్ పక్షుల జంట. వాటి రెక్కల కింద ఈకల మొదళ్ళను కప్పే చిన్న ఈకలు ఉండవు, అందుకే గాలి ఈకల మధ్యనుంచి దూసుకెళ్ళి అంత చప్పుడొస్తుంది. బోర్నియోలో ఉన్న ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులూ ఆ నది ఒడ్డున కనిపిస్తాయి. అదృష్టం ఉంటే ఏనుగుల గుంపు కూడా.

అన్ని ప్రాణులు ఒక్కచోట ఎందుకు కనిపిస్తాయో కూడా తెలుసుకుని వెళ్ళండి. నది ఒడ్డున కనిపించే అడవి చాలాచోట్ల సన్నటి పట్టీ మాత్రమే. దాని వెనక కనుచూపు మేరా ఆయిల్‌పామ్ తోటలు. ఉండటానికి మరో చోటు లేక ప్రాణులన్నీ నది అంచుకు చేరాయి. ఆ నూనెను ప్రపంచంలో అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. మన కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఉన్న నూనె శుద్ధి కర్మాగారాలకు వచ్చే ముడి పామాయిల్ మలేసియా, ఇండోనేసియాల నుంచే వస్తుంది. శాండకాన్ నుంచి సుకావుకు రోడ్డు మీద వెళ్ళే రెండు గంటలూ ఆ తోటలు కిటికీలోంచి చూడండి. ఇది కూడా మీ ప్రయాణంలో భాగమే. నాకైతే అది చూశాక ఇంట్లో వేరుశనగ నూనె, నువ్వుల నూనె తప్ప మరోటి కొనాలనిపించలేదు.

మోకాళ్ళ గురించి: గది బుక్ చేసేటప్పుడు పడవ దిగే రేవు నుంచి గదికి ఎన్ని మెట్లు అని అడగండి. నదిలో నీళ్ళు తగ్గిన నెలల్లో రేవు దగ్గర మెట్లు పెరుగుతాయి. కింది అంతస్తు గది కావాలని ముందే రాసిపెట్టండి. విమానాశ్రయంలో వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడగొచ్చు. దానికి మొహమాటం ఎందుకు? కౌలాలంపూర్ విమానాశ్రయంలో ఒక విమానం దిగి మరోటి ఎక్కడానికి బాగా నడవాలి.

జలగలు: పడవలో ఉండవు. అడవి బాటలో నడిస్తేనే. మోకాలిదాకా వచ్చే దళసరి గుడ్డ మేజోళ్ళు అక్కడి బసల్లోనే అమ్ముతారు, ప్యాంటు అంచు వాటిలోకి దోపుకోవాలి. ఒకవేళ పట్టినా నొప్పి తెలియదు. ఉప్పు చల్లడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. గోటితో దాని నోటి దగ్గర పక్కకి నెట్టండి, వదిలేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం అది వదులుతుంది కాబట్టి కాసేపు కారుతుంది, కంగారు పడకండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మాత్రం డాక్టరును ముందే అడగండి. నన్నడిగితే మీరు భయపడాల్సింది జలగకు కాదు, దోమకు. సబాలో డెంగీ ఉంది, కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు వచ్చే ఒక రకం మలేరియా కూడా ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, డీట్ ఉన్న దోమల మందు రాసుకోండి. తిరిగొచ్చిన తర్వాత కొన్ని వారాల్లో జ్వరమొస్తే డాక్టరు దగ్గర మొదట చెప్పాల్సిన మాట, "బోర్నియో అడవికి వెళ్ళొచ్చాను" అని.

మిగిలిన రోజులు కినబాలు కొండ కింద ఉన్న పార్కులో గడపండి. 4,095 మీటర్ల కొండ ఎక్కనక్కర్లేదు. పార్కు ఆఫీసు ఉన్న చోటే చల్లగా ఉంటుంది, స్వెట్టర్ పట్టుకెళ్ళండి.

ప్రశ్న: అమ్మా, మాది ఇందుకూరుపేట మండలం, రొయ్యల సాగు. ఎండాకాలం పంట పట్టుబడి అయిపోయాక ఆగస్టులో పది రోజులు ఖాళీ దొరుకుతుంది. ఇద్దరు పిల్లలు, ఏనుగులంటే ప్రాణం. ఆఫ్రికా అంత ఖర్చు పెట్టలేను. ఎక్కడికి వెళ్ళాలి? డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి?
– ఒక రొయ్యల రైతు

జవాబు: శ్రీలంకకు వెళ్ళు నాయనా. నీకు దొరికిన నెల ఏనుగులకు సరిగ్గా కుదిరింది.

హబరణ, సిగిరియా ఊళ్ళ దగ్గర మిన్నేరియ అని ఒక పెద్ద చెరువు ఉంది. మహాసేనుడనే రాజు కట్టించాడు, పదిహేడు వందల ఏళ్ళ కిందటి కట్ట. కట్టా తూమూ కలుజూ చూస్తే మన చెరువుల సంగతి తెలిసినవాడికి ఏదీ కొత్తగా ఉండదు. ఆ ప్రాంతానికి వాన ప్రధానంగా అక్టోబర్ నుంచి జనవరి మధ్య పడుతుంది, మన నెల్లూరు లాగే. ఆ తర్వాత నీళ్ళు దిగుతూ వస్తాయి. జూలై వచ్చేసరికి చెరువు లోపలి నేల బయటపడి పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి ఏనుగులన్నీ ఆ గడ్డికీ నీళ్ళకీ దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వందల ఏనుగులు ఒక్కచోట చేరతాయి. ఆసియా ఏనుగులు అంత పెద్ద సంఖ్యలో కనిపించే చోటు మరొకటి లేదంటారు. మధ్యాహ్నం 3 తర్వాత జీపులో వెళ్ళండి. చెరువులో నీళ్ళు ఎక్కువగా ఉన్న ఏడాది గడ్డి మునిగి ఉంటుంది, అప్పుడు ఏనుగులు పక్కనున్న కౌడుల్ల వైపో హురులు వైపో వెళతాయి. ఆ వారం ఎటున్నాయో జీపువాళ్ళకు తెలుస్తుంది. ముందే ఒక పార్కుకు డబ్బు కట్టేసి కూర్చోవద్దు. డ్రైవరు ఏనుగులకు అడ్డంగా జీపు పెడుతుంటే "వెనక్కి తీయండి" అని చెప్పు. పిల్లలు నీనుంచే నేర్చుకుంటారు.

శ్రీలంక అనగానే సింహరాజ వాన అడవి కూడా చూడాలనిపిస్తుంది. అది 1988 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న గొప్ప అడవే. కానీ అది దీవికి నైరుతి మూల ఉంది, మే నుంచి అక్కడ వానలు మొదలవుతాయి. జనవరి నుంచి మార్చి మధ్య మరోసారి దానికోసమే వెళ్ళు.

చెన్నై నుంచి కొలంబో గంటన్నర లోపే. బయల్దేరేముందు ప్రభుత్వ వెబ్‌సైటులో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. దాని పేరుతోనే దళారీ సైట్లు చాలా ఉన్నాయి, చిరునామా చూసుకో.

డబ్బు సంగతి. ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లుగా తీసుకెళ్ళవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మన రూపాయలు 25,000 మించి దేశం దాటించకూడదు. పాన్ కార్డు లేకుండా విదేశీ డబ్బు ఇవ్వరు. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను కొంత ముందే పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, రసీదు దాచుకో. ఇన్సూరెన్స్ నలుగురికీ తీసుకో. తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయాలి. దాస్తే అవసరమైన రోజున ఒక్క రూపాయి రాదు.

ప్రశ్న: మేడమ్, మా కుటుంబం ఉగాండాలో గొరిల్లాలను చూడాలనుకుంటోంది. నాన్నగారికి 66, మా బాబుకి 13. ఎల్లో ఫీవర్ సూది వేయించుకోనక్కర్లేదు, కార్డు మాత్రం ఇప్పిస్తాను అని ఏజెంటు అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఆ ఏజెంటును వెంటనే వదిలేయండి. సూది లేకుండా కార్డు అంటే దొంగ పత్రం. పట్టుబడితే ఏజెంటు పక్కన ఉండడు, మీరు ఉంటారు. అంతకంటే ముఖ్యం, ఎల్లో ఫీవర్‌కు మందు లేదు, టీకా ఒక్కటే రక్షణ. అలాంటి జబ్బు ఉన్న చోటికి ఉత్త కాగితం పెట్టుకుని పిల్లవాణ్ణి తీసుకెళతారా?

ఉగాండా ఆ కార్డు లేనిదే రానివ్వదు. తిరిగొచ్చేటప్పుడు మన దేశం అంతకంటే గట్టిగా అడుగుతుంది. మన దగ్గర ఆ వైరస్ లేదు, కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ ఊరూరా ఉంది. ఒక్క రోగి ద్వారా వైరస్ వచ్చిందంటే ఆపడం కష్టం. అందుకే సరైన కార్డు లేనివాళ్ళను ఆరు రోజుల దాకా క్వారంటీన్‌లో ఉంచుతారు. టీకా కేంద్రప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరగా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళండి. వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, కాబట్టి ప్రయాణానికి నెల ముందే ముగించండి. 2016 జూలై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది.

నాన్నగారి విషయంలో ఆగండి. 60 దాటినవాళ్ళకు ఈ టీకాతో అరుదుగానైనా తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్ళకూ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకూ కూడా ఇది చిక్కే. ఆయన ఆరోగ్యం తెలిసిన డాక్టరు సరేనంటేనే వేయించండి. వద్దంటే ఆయన ఈ ప్రయాణం మానుకోవడమే మేలు. ఉగాండాకు మలేరియా మాత్రలు కూడా కావాలి, వెళ్ళేముందే మొదలుపెట్టాలి, ఏవన్నది డాక్టరే చెప్పాలి.

బాబు విషయం ఏజెంటు చెప్పాడా? 15 ఏళ్ళు నిండనివాళ్ళకు గొరిల్లా పర్మిట్ ఇవ్వరు. పర్మిట్ ఒక్కరికి 800 డాలర్లు, గుంపు దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట, ఒక గుంపు దగ్గరికి ఎనిమిదిమందినే పంపుతారు. ప్రపంచం మొత్తం మీద కొండ గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన ఉన్నాయి, ఆ కట్టుబాట్లు ఉండబట్టే అవి మిగిలాయి. బాబుకి 15 నిండేదాకా రెండేళ్ళు ఆగి అందరూ కలిసి చూడటం మంచిదని నా అభిప్రాయం. ఆగలేమంటే మర్చిసన్ ఫాల్స్ పార్కుకు తీసుకెళ్ళండి. ఏడు మీటర్ల వెడల్పున్న బండల సందులోంచి నైలు నది కిందికి దూకుతుంది. పడవలో దాని దిగువకు వెళుతుంటే ఒడ్డు పొడుగునా నీటిగుర్రాలు, మొసళ్ళు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. జూలైలో మేము అక్కడికి వెళ్ళినప్పుడు కోస్టారికా తీసుకెళతానంటోంది. మాకు అమెరికా విజిటర్ వీసా ఉంది. అదే సరిపోతుందా? ఆ నెల వానాకాలం కదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్న భారతీయులను కోస్టారికా వేరే వీసా అడగకుండా రానిస్తుంది. గడువు నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే వారం ఆ దేశ ఎంబసీ వెబ్‌సైటు చూసుకోండి. తిరిగి డల్లాస్‌లో దిగినప్పుడు అమెరికా అధికారి మొదటిసారి అడిగినట్టే అన్నీ మళ్ళీ అడుగుతారు. ఇండియాకు తిరుగు టికెట్ చేతిలో ఉంచుకోండి.

వానాకాలమే, కానీ దేశమంతా ఒకేలా ఉండదు. మధ్యలో కొండలున్నాయి, అటు పసిఫిక్, ఇటు కరీబియన్. అందరూ చెప్పే డిసెంబర్ నుంచి ఏప్రిల్ అనే సీజను పసిఫిక్ వైపుది. మీరు వెళ్ళే జూలైలో కరీబియన్ తీరాన టోర్టుగేరోకు వెళ్ళండి. పచ్చ సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టేది జూలై నుంచి అక్టోబర్ దాకా. ఆ ఊరికి రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో వెళ్ళాలి. రాత్రిపూట లైసెన్సు ఉన్న గైడుతోనే తీరానికి వెళ్ళనిస్తారు. ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, ఫోను, కెమెరా తీయకూడదు. ఆ నియమం పాటించండి, మీ అమ్మాయితోనూ పాటింపజేయండి. వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగి పోతుంది.

మన తీరానికీ ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయి. కోస్టారికాలో పసిఫిక్ వైపు ఓస్టియొనాల్‌లో వేలకు వేలుగా ఒకేసారి ఒడ్డెక్కేది కూడా ఆ జాతే. అక్కడ ఇంత కట్టుదిట్టంగా కాపాడటం చూసొచ్చాక మన తీరంలో వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. మీరూ చూసొచ్చి మీ ఊళ్ళో నలుగురికి చెప్పండి.

భోజనానికి ఇబ్బంది లేదు. అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించిన గాయో పింటో పొద్దున్నే పెడతారు. పంది కొవ్వు వేయలేదు కదా అని మాత్రం అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు ఒక్కటే ఉంది. ఏమైనా ఇబ్బందా?
– పొదిలి నుంచి ఒక తండ్రి

జవాబు: ఇబ్బందే. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద టూరిస్టు వీసాతో రానివ్వడం లేదు. ఇంకొన్ని చోట్ల ఆన్‌లైన్ ఫారమే ముందుకు కదలదు. పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే రాయించండి. 36 పేజీలదానికి రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. అది చేతికొచ్చేదాకా ఏ టికెట్టూ కొనకండి.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. మేము ఫారిన్ వెళ్ళలేం. కానీ పెద్దయ్యాక అడవుల్లో పనిచేయాలని ఉంది. ఇప్పుడు ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, ఆత్మకూరు

జవాబు: తల్లీ, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. అక్టోబర్ నుంచి మార్చి మధ్య గూడబాతులు నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని మేపుతుంటాయి. అది చూడటానికి బయటి దేశాల వాళ్ళు మన దగ్గరికొస్తారు. స్కూల్లో సార్‌ను అడిగి ఒక బస్సు పెట్టించుకోండి. 8x42 అని రాసి ఉన్న బైనాక్యులర్ ఒకటి క్లాసంతా కలిసి వాడుకోవచ్చు. ఫోటో కాదు ముఖ్యం, నోటుబుక్. ఒకే పక్షిని అరగంట చూడు, ముక్కు, కాళ్ళు, ఎగిరే తీరు, ఏం తింటోంది, ఎవరితో పోట్లాడుతోంది, అన్నీ రాసుకో. ఎక్కడి అడవికి వెళ్ళినా ఆ పని అదే. నీ నోటుబుక్కులో రెండు పేజీలు నాకు పంపించు, చదివి జవాబు రాస్తాను.

ప్రశ్న: పచ్చళ్ళు, పొడులు లేకుండా మావారు నాలుగు రోజులు ఉండలేరు. ఏవి పట్టుకెళ్ళవచ్చు? పవర్‌బ్యాంకు ఎందులో పెట్టాలి?
– ఒక గృహిణి, చీమకుర్తి

జవాబు: కందిపొడి, కరివేపాకు పొడి మేలు. పచ్చడి అయితే నూనె కారకుండా రెండు కవర్లలో సీలు వేయించి పెద్ద పెట్టెలోనే పెట్టండి. చేతి సంచీలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద తీసేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలు వద్దు. నూనె ఎక్కువ కాబట్టి తేలిగ్గా మంట అంటుకునే సరుకుల్లో లెక్కవేస్తారు. ఇంటి మసాలా పొడిలో గసగసాలు వేశారేమో చూసుకోండి. సింగపూర్‌లోనూ దుబాయ్‌లోనూ వాటిని మాదకద్రవ్యాల కిందే చూస్తారు, దారిలో ఆ విమానాశ్రయాల్లో దిగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, పండ్లు, విత్తనాలు, మొక్కలు తీసుకెళ్ళకండి. మందులు వాటి స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టరు చీటీతో సహా చేతి సంచీలో పెట్టుకోండి. పవర్‌బ్యాంకు కూడా చేతి సంచీలోనే. 20,000 ఎంఏహెచ్ దాకా ఏ అనుమతీ అక్కర్లేదు. అక్కడ దిగాక ఫారంలో తిండి వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయండి. రాసి చూపిస్తే మహా అయితే పచ్చడి తీసి పక్కన పెడతారు. రాయకుండా దొరికితే జరిమానా కట్టాలి.